చాబీ చేతికిచ్చే ముందు: నౌజవాన్లు, కార్లు, బీమా తారీఖ్



మొన్న జుమా నమాజ్ అయ్యాక వనపర్తిలో ఒక పెద్దాయన మసీదు మెట్ల దగ్గర నన్ను ఆపారు. మా అబ్బాకు పాత దోస్తు, నేను చాచా అని పిలుస్తాను. ఆయన కొడుకు సౌదీలో పని చేస్తాడు. పెద్ద మనవడికి ఈ మధ్యే పద్దెనిమిది నిండాయి, పాలిటెక్నిక్ చదువుతున్నాడు.

"బేటా, నువ్వు అఖ్బార్‌లో రాస్తవ్ గదా, ఒక మాట చెప్పు. పిల్లగానికి సెకండ్ హ్యాండ్ కారు తీసుకుందామని వాళ్ల బాప్ పైసలు పంపిండు. చికాగోలో ఉన్న మా అల్లుడేమో, ఇరవై ఏళ్ల లోపు పిల్లలకు బీమా మస్తు మహంగా ఉంటది, ఆలోచించుకోండి అంటున్నడు. కారు కన్నా బీమాకే ఎక్కువైతదా ఏంది?"

నేను జవాబు చెప్పేలోపే పక్కనున్న ఇంకో సాహెబ్ అందుకున్నారు. "బీమా హరామ్ గదా చాచా, అది ఎందుకు? పోలీసోళ్లు ఆపినప్పుడు చూసుకుందాం."

రెండు సవాళ్లు. ఒకటి పైసలది, ఒకటి దీన్‌ది. రెండింటికీ జవాబు తారీఖ్‌లో ఉంది. మెట్ల మీద నిలబడి చెప్పేంత చిన్న కథ కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. చాచా చదవకపోయినా ఆ మనవడు ఫోన్‌లో చదివి వినిపిస్తాడని ఉమ్మీద్.

మన సడకుల మీదికి మోటారు

గద్వాల, వనపర్తి సంస్థానాలుగా ఉన్న రోజుల్లో ఈ ఇలాకాలో సవారీ అంటే ఎడ్లబండి, గుర్రబ్బండి, టాంగా. మామూలు మనిషి మోటారు ఎక్కింది బస్సు వచ్చాకే. నిజాం స్టేట్ రైల్వే వాళ్ల రోడ్డు రవాణా శాఖ 1932 జూన్ 15న 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. ఈనాటి ఆర్టీసీకి అదే బునియాద్. ఆ తర్వాత చాలా ఏళ్లు సొంత కారు అంటే రాజాలదో, జాగీర్దార్లదో, డాక్టరు సాబ్‌దో. మధ్యతరగతి ఇంటి ముందు కారు నిలబడటం 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక మొదలైంది. మన ఇళ్లలో అయితే గల్ఫ్ పైసలు వచ్చాకే అని చెప్పుకోవాలి.

ఈ రోజు ఆ కారు నంబర్ ప్లేటు కూడా ఒక తారీఖే. ఏపీ 22 అని ఉంటే ఉమ్మడి మహబూబ్‌నగర్ నాటి బండి. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక నాగర్‌కర్నూల్‌కు టీఎస్ 31, వనపర్తికి టీఎస్ 32, జోగులాంబ గద్వాలకు టీఎస్ 33 వచ్చాయి. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీఎస్ పోయి టీజీ వచ్చింది. సెకండ్ హ్యాండ్ బజారులో ఈ మూడు రకాల ప్లేట్లూ పక్కపక్కన కనిపిస్తాయి.

సడకులు కూడా మారాయి. కొత్తకోట, పెబ్బేరు దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, ఎర్రవల్లి చౌరస్తా, అలంపూర్ చౌరస్తా మీదుగా కర్నూలు వైపు పోయే 44వ నంబర్ జాతీయ రహదారి మీద బండ్లు ఏ రఫ్తార్‌లో పోతాయో మనకు తెలుసు. అచ్చంపేట నుంచి మన్ననూరు మీదుగా నల్లమల ఘాట్ దిగి శ్రీశైలం పోయే దారి ఇంకో రకం ఖతర్నాక్. 2013 అక్టోబరు 30న కొత్తకోట దగ్గరి పాలెం వద్ద బస్సు మంటల్లో 45 మంది చనిపోయిన సంగతి ఇక్కడ ఏ ఇంట్లోనూ ఎవరూ మరచిపోలేదు. పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి చాబీ ఇవ్వడమంటే ఈ సడకుల మీదికి పంపడం.

కానూన్ ఎక్కడి నుంచి వచ్చింది

బీమా అనగానే మన వాళ్లకు "నా కారుకు ఏమైనా అయితే వచ్చే పైసలు" అనే గుర్తుకొస్తుంది. కానీ కానూన్ మజ్బూర్ చేసే బీమా అది కాదు. దాని పేరు థర్డ్ పార్టీ. బీమా తీసుకున్న మీరు ఒకరు, కంపెనీ ఇంకొకరు, మీ బండి కింద పడ్డ మనిషి మూడోవాడు. కానూన్ ఫికర్ అంతా ఆ మూడోవాడి గురించే.

ఇది ఎందుకు పుట్టిందో చూడండి. మోటార్లు పెరిగిన కొత్తలో యూరప్, అమెరికాల్లో ఒకటే మసలా. పేదవాడు కారు కింద పడి చస్తాడు. కోర్టు పరిహారం ఇవ్వమంటుంది. నడిపినవాడి దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు. డిక్రీ కాగితం చేతిలో పెట్టుకుని బేవా ఇంటికి పోతుంది. అందుకే బ్రిటన్ 1930లో కానూన్ చేసి, 1931 జనవరి 1 నుంచి ప్రతి మోటారుకూ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి చేసింది. ఆ నమూనా మీదే బ్రిటిష్ ఇండియాలో 1939లో మోటారు వాహనాల చట్టం వచ్చింది. అందులో బీమా అధ్యాయం మాత్రం వెంటనే అమలు కాలేదు. మధ్యలో ప్రపంచ యుద్ధం నడిచింది. 1946 జులై 1న గానీ అమల్లోకి రాలేదు. అప్పటికి మనది వేరే రియాసత్. 1948 సెప్టెంబరు తర్వాత హైదరాబాద్ భారత యూనియన్‌లో కలిశాక దేశం చట్టాలు ఒక్కొక్కటిగా ఇక్కడికీ చేరాయి.

ఈ రోజు నడుస్తున్నది 1988 చట్టం, 1989 జులై 1 నుంచి అమల్లో ఉంది. దాని 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా బండిని బహిరంగ సడక్ మీదికి తేకూడదు. మనిషి చనిపోయినా, చేయో కాలో పోయినా ట్రిబ్యునల్ ఎంత నిర్ణయిస్తే అంత కంపెనీ కట్టాలి. లక్షలు కావచ్చు, కోటి దాటవచ్చు. రెండు మూడు వేల రూపాయల కాగితం వెనుక ఉన్న వజన్ అది.

బండి వయసు చూశారు, మనిషి వయసు చూడలేదు

ఇప్పుడు చాచా సవాల్‌కు వస్తాను. చికాగో అల్లుడు చెప్పింది అబద్ధం కాదు. అమెరికా, బ్రిటన్‌లలో కంపెనీలు నడిపేవాడి వయసు, అనుభవం చూసి ప్రీమియం వేస్తాయి. ఇంట్లో పిల్లవాడి పేరు పాలసీలో చేర్చగానే బిల్లు ఎక్కడికో పోతుంది. అక్కడున్న మన తెలుగు కుటుంబాలన్నీ ఈ దెబ్బ తిన్నవే.

మన దేశం వేరే దారిలో నడిచింది. 1972లో చట్టం చేసి, 1973 జనవరి 1 నుంచి సాధారణ బీమా మొత్తాన్ని సర్కారు తన చేతిలోకి తీసుకుంది. 107 కంపెనీలను కలిపి నాలుగు చేశారు. నేషనల్, న్యూ ఇండియా, ఓరియెంటల్, యునైటెడ్ ఇండియా. రేట్లు మాత్రం టారిఫ్ అడ్వైజరీ కమిటీ పట్టిక ప్రకారమే. ఏ ఏజెంటు దగ్గరికి పోయినా ఒకటే ధర. ఆ పట్టికలో చూసేవి నాలుగు. ఇంజన్ ఎన్ని సీసీ, బండి విలువ ఎంత, బండి ఎన్నేళ్లది, ఏ జోన్. నడిపేవాడి వయసుకు ఆ పట్టికలో ఖానా లేదు.

జోన్ సంగతి మన ఇలాకాకు సంబంధించింది. హైదరాబాద్‌తో సహా ఎనిమిది పెద్ద షహర్లు ఏ జోన్. మిగతా ముల్క్ అంతా బీ జోన్. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బీ జోన్‌లోకి వస్తాయి. 2002 టారిఫ్‌లో వెయ్యి సీసీ లోపు, ఐదేళ్ల లోపు కారుకు సొంత నష్టం రేటు ఏ జోన్‌లో విలువ మీద 3.127 శాతం, బీ జోన్‌లో 3.039 శాతం. మూడు లక్షల బండికి హైదరాబాద్‌లో 9,381 రూపాయలు, మన దగ్గర 9,117 రూపాయలు. 264 రూపాయల ఫరఖ్. పెద్దదేమీ కాదు, కానీ చిన్న ఊరివాడికి అన్నీ మహంగా ఉంటాయనే మాట ఇక్కడ చెల్లదు.

2007 జనవరి 1 నుంచి సొంత నష్టం రేట్లకు ఈ కట్టుబాటు తీసేశారు. ఇప్పుడు ఆ భాగంలో కంపెనీలు తమ ఇష్టం వచ్చిన తగ్గింపు ఇవ్వవచ్చు, ఓనర్ వయసు, పేషా అడగవచ్చు. అందుకే ఒకే కారుకు ఒక్కో కంపెనీ ఒక్కో ధర చెప్తుంది. కానీ థర్డ్ పార్టీ భాగాన్ని బజారుకు వదల్లేదు. దాని రేటు సర్కారే నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన పట్టికలో సొంత కార్లకు ఏడాదికి వెయ్యి సీసీ లోపు 2,094 రూపాయలు, 1500 సీసీ వరకు 3,416, ఆపైన 7,897. దీని మీద 18 శాతం జీఎస్టీ. పద్దెనిమిదేళ్ల కుర్రాడికీ ఇంతే, బంజారాహిల్స్‌లో ఉండే అరవై ఏళ్ల సేఠ్‌కూ ఇంతే.

ఇంకో ముఖ్యమైన ఫరఖ్ ఉంది. మన దగ్గర ఇంట్లో ఎవరెవరు నడుపుతారో పాలసీలో పేర్లు రాయించాల్సిన పని లేదు. ఓనర్ ఇజాజత్‌తో, చెల్లుబాటయ్యే లైసెన్సు ఉన్న ఎవరు నడిపినా పాలసీ వర్తిస్తుంది. కాబట్టి చాచాకు నా మొదటి జవాబు: అమెరికా భయం ఇక్కడ పనికిరాదు. మన కానూన్ నౌజవాన్ మీద జుర్మానా వేయలేదు.

ఆఖిలా, సూకరా, తకాఫుల్

ఇక రెండో సాహెబ్ మాట. బీమా హరామ్ కదా?

ఈ మాటకు దలీల్ లేకపోలేదు. ఎవరో రాజకీయం కోసం పుట్టించింది కాదు. మన హనఫీ మదరసాలన్నిటిలో "షామీ" పేరుతో చదివే కితాబ్ రాసిన డమాస్కస్ ఫఖీహ్ ఇబ్నె ఆబిదీన్, 1836లో ఇంతఖాల్ అయ్యారు. సముద్ర వ్యాపారులు సరుకు కోసం ఫిరంగీలకు ముందే కొంత రకమ్ కట్టే రివాజ్ గురించి ఆయన రాశారు. దాన్ని "సూకరా" అనేవారు. పోయిన సరుకుకు బదులు ఆ పైసలు తీసుకోవడం జాయిజ్ కాదన్నారు. 1985 డిసెంబరులో జిద్దాలోని అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ కూడా లాభం కోసం నడిచే కమర్షియల్ బీమాను నాజాయిజ్ అని, దానికి బదులు ఒకరికొకరు తోడుపడే తకాఫుల్ తరీఖాను జాయిజ్ అని తీర్మానించింది. అప్పటికే 1979లో సూడాన్‌లో తకాఫుల్ కంపెనీ మొదలైంది. మలేసియా 1984లో దానికోసం చట్టమే చేసింది.

మన దేశంలో కార్లకు తకాఫుల్ అమ్మే కంపెనీ లేదు. మరి ఏం చేయాలి? ఉలమాలు ఇక్కడ ఒక తేడా చూపిస్తారు. ఇష్టంతో చేసేది వేరు, కానూనీ మజ్బూరీతో చేసేది వేరు. థర్డ్ పార్టీ లేకుండా బండి రోడ్డెక్కడం నేరం కాబట్టి, అంతవరకు తీసుకోవడానికి గుంజాయిష్ ఉందని ఫత్వాలు ఉన్నాయి. క్లెయిమ్ పైసల తఫ్సీల్, సొంత నష్టం పాలసీ సంగతి మీ ముఫ్తీ సాహెబ్‌ను అడగండి. నేను జర్నలిస్టును, ముఫ్తీని కాను.

కానీ తారీఖ్ చదివినవాడిగా ఒక మాట చెప్పగలను. సూరె నిసా 92వ ఆయత్‌లో పొరపాటున జరిగిన హత్యకు కూడా చనిపోయినవాడి వారిసులకు దియత్, అంటే ఖూన్‌బహా, ఇవ్వాలని హుకుం ఉంది. పొరపాటు కదా, మాఫ్ అని వదిలేయలేదు. వారిసులు తమంతట తాము మాఫ్ చేస్తే వేరే సంగతి. మరి ఒక్క మనిషి అంత దియత్ ఎక్కడి నుంచి తెస్తాడు? అందుకే ఆఖిలా అనే నిజామ్ ఉంది. పొరపాటు చేసినవాడి ఖబీలా అంతా తలా కొంత వేసుకుని చెల్లిస్తుంది. మీసాఖె మదీనాలో ముహాజిర్లు, అన్సార్ ఖబీలాలు ఎవరి దియత్‌ను వాళ్లు కలిసి మోయాలని పేరుపేరునా రాశారు.

బీమా కంపెనీ ఆఖిలా కాదు. అది వ్యాపారం. రెండూ ఒకటే అని చెప్తే అది గలత్ అవుతుంది. కానీ ఆఖిలా వెనుక ఉన్న మఖ్సద్ ఏమిటి? నీ చేతిలో పొరపాటున చనిపోయినవాడి బీవీ పిల్లలు ఖాళీ చేతులతో మిగలకూడదు. ఈ రోజు మన దగ్గర ఖబీలా లేదు. నలుగురు అన్నదమ్ముల్లో ఇద్దరు గల్ఫ్‌లో, ఒకరు హైదరాబాద్‌లో. ట్రిబ్యునల్ ఇరవై లక్షలు అంటే ఎవరు మోస్తారు? బీమా హరామ్ అని కాగితం తీసుకోని మనిషి, ఆ ఇరవై లక్షలు తన ఇల్లు అమ్మి అయినా ఇస్తానని నియ్యత్ చేసుకుంటే ఆయన తఖ్వాకు నా సలాం. కానీ నేను చూసినంతలో బీమా లేనివాడు ఆ పైసలు కట్టలేదు, పేషీల చుట్టూ తిప్పాడు. అక్కడ పోయేది హుఖూఖుల్ ఇబాద్. అవతలివాడి హక్కు. అది అవతలివాడు వదిలేస్తే తప్ప మాఫ్ కాదని మనం పిల్లలకు నేర్పుతున్నాం.

ఇంకో సంగతి. నిజాం హుకూమత్ 1907లోనే, మీర్ మహబూబ్ అలీ ఖాన్ జమానాలో, సర్కారీ ములాజిముల కోసం జీవిత బీమా మొదలుపెట్టింది. ఆ సిల్సిలానే నేటి తెలంగాణ ప్రభుత్వ జీవిత బీమా శాఖ. మన టీచర్ల జీతంలో నెలనెలా కోత పడేది దానికే. కాబట్టి బీమా మనకు నిన్న మొన్న వచ్చిన అజ్నబీ చీజ్ కూడా కాదు.

అసలు మహంగా అయ్యేది ఎక్కడ

ప్రీమియం వయసు చూడదన్నాను. మరి నౌజవాన్ల బండ్ల వల్ల మన కుటుంబాలు ఎందుకు మునుగుతున్నాయి? ప్రీమియం దగ్గర కాదు, వేరే చోట్ల. ఒక్కొక్కటి చెప్తాను.

మొదటిది లైసెన్సు. గేర్లు లేని 50 సీసీ బండికి పదహారు, కారుకు పద్దెనిమిది, కిరాయికి నడిపే బండికి ఇరవై ఏళ్లు నిండాలి. లైసెన్సు లేనివాడు యాక్సిడెంట్ చేస్తే ఏమవుతుంది? 2004లో సుప్రీంకోర్టు స్వరణ్ సింగ్ కేసులో ఒక ఉసూల్ ఖాయం చేసింది. కంపెనీ ముందు బాధితులకు చెల్లించి, ఆ తర్వాత ఓనర్ దగ్గర వసూల్ చేసుకోవచ్చు. అంటే బీమా ఉన్నా బాకీ మీ నెత్తి మీదే. 2011లో ఇంకో కేసు. మైనర్ కుర్రాడు బంధువు మోటార్ సైకిల్ నడిపి ఒకరి ప్రాణం తీశాడు. నాకు తెలియకుండా చాబీ తీసుకున్నాడని ఓనర్ అన్నాడు. బండి దుర్వినియోగం కాకుండా చూసుకోవడం ఓనర్ జిమ్మేదారీ అని సుప్రీంకోర్టు అంది. పైసలు ఆయనే కట్టాల్సి వచ్చింది. చాబీ మేకుకు వేలాడదీసే ఇళ్లన్నిటికీ ఈ తీర్పు ఒక ఖబర్దార్.

2019 సవరణ దీన్ని ఇంకా గట్టి చేసింది. 199ఏ సెక్షన్ ప్రకారం మైనర్ నేరం చేస్తే తల్లిదండ్రులకో, ఓనర్‌కో మూడేళ్ల వరకు ఖైద్, 25 వేల జుర్మానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ఆ పిల్లవాడికి ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. గల్ఫ్ డ్రైవర్ వీసా మీద ఆశ పెట్టుకున్న ఇంట్లో ఈ ఒక్క షర్త్ ఎంత నుఖ్సాన్ చేస్తుందో ఆలోచించండి.

రెండోది పేరు మార్పు. సెకండ్ హ్యాండ్ కారు కొని, పాత ఓనర్ పేరు మీదే ఏళ్ల తరబడి తిప్పడం మన దగ్గర ఆమ్ రివాజ్. 157వ సెక్షన్ ప్రకారం బండి చేతులు మారితే థర్డ్ పార్టీ బీమా దానంతట అదే కొత్త ఓనర్‌కు వస్తుంది. కానీ సొంత నష్టం భాగం రాదు, 1996లోనే సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. పద్నాలుగు రోజుల్లో కంపెనీకి రాసి పేరు మార్పించుకోవాలి. లేకపోతే ప్రీమియం కట్టిన కారు తుక్కైనా ఒక్క రూపాయి రాదు.

మూడోది కిరాయి. శంషాబాద్ ఏర్‌పోర్టుకు గల్ఫ్ పోయేవాళ్లను దింపడం, షాదీలకు కారు ఇవ్వడం మన కుర్రాళ్లకు జేబుఖర్చు. తెల్ల ప్లేటు బండి పాలసీలో కిరాయికి వాడితే వర్తించదని సాఫ్‌గా రాసి ఉంటుంది. ఆ రోజు యాక్సిడెంట్ అయితే కంపెనీ మొదట అడిగేది అదే. కిరాయి చేసేవాడు పసుపు ప్లేటు, దానికి తగ్గ పాలసీ తీసుకోవాలి.

నాలుగోది చాలామందికి తెలియనిది. అన్నిటికన్నా సస్తా అయిన థర్డ్ పార్టీ పాలసీలో మీ సొంత కారులో కూర్చున్న అమ్మీ, ఆపా, చెల్లెళ్లు లెక్కలోకి రారు. బైక్ వెనుక కూర్చున్నవాడి విషయంలో 2006లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ప్యాకేజీ పాలసీ ఉంటే కారులో కూర్చున్నవాళ్లకూ వర్తిస్తుందని బీమా నియంత్రణ సంస్థ 2009 నవంబరు 16న సర్క్యులర్ ఇచ్చింది. జహంగీర్ పీర్ దర్గాకు కుటుంబమంతా ఒక కారులో పోయే ఇళ్లలో ఈ ఫరఖ్ తెలిసి ఉండాలి. సొంత కారు ఎంత పాతదైనా సరే.

ఐదోది నడిపేవాడి ప్రాణం. 2018 నుంచి ఓనర్ కమ్ డ్రైవర్‌కు 15 లక్షల ప్రమాద బీమా ఉంది. కానీ అది ఓనర్‌కే, అది కూడా ఆయనకు లైసెన్సు ఉంటేనే. బాప్ పేరు మీద కారు ఉండి బేటా నడుపుతుంటే ఆ 15 లక్షలు బేటాకు వర్తించవు.

హిసాబ్

ఇప్పుడు చాచా మనవడి హిసాబ్ వేద్దాం.

బండి ఎంపికలోనే సగం పని అయిపోతుంది. ఆల్టో, వ్యాగనార్ చిన్న ఇంజన్ తీసుకుంటే వెయ్యి సీసీ లోపే. థర్డ్ పార్టీ 2,094, జీఎస్టీతో సుమారు 2,471 రూపాయలు. 1197 సీసీ స్విఫ్ట్ అయితే 3,416, పన్నుతో సుమారు 4,031. స్కార్పియో మోజు పడితే 7,897, పన్నుతో 9,300 దాటుతుంది. బొలెరో కొనేవాళ్లు ఒకటి చూసుకోవాలి. కొత్త వాటిలో 1493 సీసీ ఇంజన్, పాత వాటిలో 2523 సీసీ. పాత బొలెరో కొనేటప్పుడు సస్తా అనిపిస్తుంది, బీమా దగ్గర స్కార్పియో లెక్కలోకి పోతుంది.

కారు మనవడి పేరు మీదే తీసుకోమని చెప్తాను. బాప్ సౌదీలో ఉన్నాడు, ఇక్కడ నడిపేది పిల్లవాడే. అతని పేరు మీద ఉంటే 15 లక్షల ప్రమాద బీమా అతనికే ఉంటుంది. నో క్లెయిమ్ బోనస్ కూడా అతని ఖాతాలోనే మొదలవుతుంది. ఈ బోనస్ బండిది కాదు, మనిషిది. క్లెయిమ్ లేకుండా మొదటి ఏడాది గడిస్తే సొంత నష్టం ప్రీమియంలో 20 శాతం తగ్గుతుంది. తర్వాత 25, 35, 45, ఐదేళ్లకు 50 శాతం. పద్దెనిమిదికి మొదలుపెట్టి జాగ్రత్తగా నడిపితే ఇరవై మూడేళ్లకు సగం ధర. కారు మార్చినా బోనస్ వెంట వస్తుంది. చిన్న గీతలకు, పగిలిన లైట్లకు క్లెయిమ్ పెట్టి దాన్ని పోగొట్టుకోవద్దు. పాలసీ గడువు దాటి 90 రోజులు గడిస్తే మాత్రం బోనస్ అంతా ఖతం. రెన్యువల్ తారీఖును రంజాన్ క్యాలెండర్ మీద రాసుకోండి, మరచిపోరు.

కొంత నష్టం నేనే భరిస్తానని వాలంటరీ డిడక్టిబుల్ ఎంచుకుంటే ప్రీమియం ఇంకొంచెం తగ్గుతుంది. 2022 జులై నుంచి నడిపిన కిలోమీటర్లను బట్టి కట్టే పాలసీలకు కూడా ఇజాజత్ వచ్చింది. సెలవుల్లోనే కారు తీసే కాలేజీ పిల్లలకు అది పనికొస్తుంది. మూడు కంపెనీల ధర అడగండి, థర్డ్ పార్టీ అందరిదీ ఒకటే కాబట్టి సొంత నష్టం అంకె మాత్రం పోల్చండి. కాగితం చేతికొచ్చాక అది అస్లీనో నక్లీనో ఎంపరివాహన్‌లో బండి నంబర్ కొట్టి చూసుకోండి.

దీనికి తోడు బ్యాంకు ఖాతా ఉన్న ప్రతివాడికీ ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది. 18 నుంచి 70 ఏళ్ల వరకు, ప్రమాదంలో చనిపోతే రెండు లక్షలు. ఒక చాయ్, ఒక ఉస్మానియా బిస్కెట్ ధర. దీన్ మసలా మీద ఇత్మినాన్ అయ్యాకే తీసుకోండి.

ఈ మాటలన్నీ ఆ తర్వాతి జుమాకు చాచాతో చెప్పాను. ఆయన అంతా విని ఒకటే అడిగారు. "అంటే లైసెన్సు వచ్చేదాకా చాబీ నా దగ్గరే పెట్టుకోవాలె, అంతేగా?"

అంతే చాచా. లర్నర్ లైసెన్సు తీసుకుని, ఎల్ బోర్డు పెట్టి, పక్కన లైసెన్సు ఉన్న మనిషిని కూర్చోబెట్టుకుని నేర్చుకోనివ్వండి. నెల దాటాక పరీక్ష రాయొచ్చు. బీమా కట్టే నౌజవాన్‌కు మన కానూన్ రియాయత్ ఇచ్చింది. దాన్ని పోగొట్టేది మన జల్దీబాజీ ఒక్కటే.

మెట్ల మీద నాతో బహస్ చేసిన ఆ రెండో సాహెబ్ కూడా అక్కడే ఉన్నారు. ఏమీ అనలేదు. పోతూ పోతూ, థర్డ్ పార్టీ రెన్యువల్ ఆన్‌లైన్‌లో అవుతుందా అని అడిగారు. అవుతుంది సాహెబ్. ఈ రోజే చేయండి.

అల్లాహ్ మన పిల్లలందరినీ సడకుల మీద తన హిఫాజత్‌లో ఉంచుగాక. ఆమీన్.